8 వేల చుట్లు, అమ్మ చేతి మీదుగా

మాదాపూర్ అంటే మీకేం గుర్తొస్తుంది? 1998లో మొదలైన సైబర్ టవర్స్, దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి, పొద్దున తొమ్మిదింటికి కదలని ట్రాఫిక్. నాకు మాత్రం ఈ మధ్య ఒక మోటార్ వైండింగ్ షాపు గుర్తొస్తోంది. పాత ఊరి సందులో, హాస్టళ్ళ బోర్డుల కింద ఉంటుంది. ఎండాకాలం అపార్ట్‌మెంట్ల బోరు మోటార్లు కాలిపోతే అక్కడికే చేరతాయి.

నేను వెళ్ళింది గిటారు కోసం. మొదటి జీతంతో కొన్న సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటారు అది. రెండు పికప్పుల్లో ఒకటి కొన్నప్పటి నుంచే పలకదు. ఒకరోజు రెండోది కూడా మూగబోయింది. మల్టీమీటర్ పెట్టి చూస్తే కాయిల్ తెగింది.

పికప్ అంటే మాయేమీ కాదు. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ, అంతే. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం కదిలి, కాయిల్‌లో చిన్న కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే చూపించిన సూత్రమే. ఆంప్ ఆ కరెంటునే పెద్దది చేసి వినిపిస్తుంది.

'42 గేజ్, 8 వేల చుట్లు' అని ఫోన్‌లో రాసుకుని వెళ్ళాను. "42 నంబరా? ఉంది తమ్మీ" అన్నాడు షాపు అన్న. సుమారు 3 వేల చుట్లకే బాబిన్ నిండిపోయింది. "ఇగ పట్టదు" అన్నాడు. ఇంటికొచ్చి బిగించి మీటితే, జలుబు చేసిన గొంతులా ఎక్కడో దూరంగా పలికింది.

తప్పు నాదే. అమెరికా లెక్కలో 42 గేజ్ అంటే 0.063 మిల్లీమీటర్లు. మన షాపుల్లో నడిచేది బ్రిటిష్ లెక్క. అందులో 42 అంటే 0.1 మిల్లీమీటరు. నాకు కావాల్సింది ఇక్కడి 46 నంబరు! తీగ లావైతే చుట్లు తక్కువ పడతాయి. చుట్లు తగ్గితే శబ్దం బలహీనం. అలాగని మరీ ఎక్కువ చుట్టినా కష్టమే. శబ్దం బలంగా, మందంగా వస్తుంది కానీ పైస్వరాల మెరుపు పోతుంది.

శనివారం రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, కోఠి దగ్గర ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగాను. గుజరాతీ గల్లీలో నాలుగు షాపులు తిరిగితే 46 నంబరు దొరికింది. ఈసారి నేనే చుడదామని కుట్టుమిషన్ మోటారు కొన్నాను. చుట్లు లెక్కపెట్టడానికి పాత క్యాలిక్యులేటర్.

కొండాపూర్ ఫ్లాట్‌లో ఫ్యాన్ ఆపేసి కూర్చున్నాను. 400 చుట్ల దగ్గర తీగ తెగింది. మళ్ళీ మొదలుపెడితే 1,100 దగ్గర తెగింది. సోఫాలోంచి అమ్మ చూస్తోంది. ఊరి నుంచి వచ్చి పది రోజులైంది. "11వ అంతస్తుల నాకేం పని బిడ్డా, సోమవారం బస్సెక్కుత" అని రోజుకోసారి అంటోంది.

"గట్ల బిగబట్టకు, తెగుతది. ఇటియ్యి."

పెళ్ళికి ముందు అమ్మ పోచంపల్లిలో నేతకు కండెలు చుట్టేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుడ్డపీలిక పెట్టి తీగ పట్టుకుంది. నా పని పెడల్ తొక్కడమే. ఆమె చెయ్యి దానంతటదే అటూ ఇటూ ఆడింది. తీగ మరీ బిగిస్తే సాగి ఇంకా సన్నబడుతుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది. మిషన్ అయితే చుట్టు పక్కనే చుట్టు పేరుస్తుంది. చేత్తో చుడితే వరసలు అడ్డదిడ్డంగా పడి, మధ్యలో కాస్త ఖాళీ మిగులుతుంది. దాంతో కాయిల్ కెపాసిటెన్స్ కొంచెం తగ్గి, పైస్వరాలు తేటగా వస్తాయి. దీన్నే స్కాటర్ వైండింగ్ అంటారు. తీగ మీది ఎనామిల్ పూత మందం కూడా అలాగే తేడా చూపిస్తుంది.

ఫెండర్ గిటార్ల కంపెనీలో 1956లో చేరిన అబిగైల్ యబర్రా దశాబ్దాల పాటు పికప్‌లు చుట్టిందని, ఆమె చుట్టినవే కావాలని గిటారిస్టులు వెతుక్కునేవారని అమ్మకు చెప్పాను.

"ఆమెకు కూలి మంచిగ ఇచ్చేటోళ్ళా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

8 వేల చుట్లు పూర్తయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ చిన్న బాబిన్ మీద కిలోమీటరుకు పైగా తీగ. మీటర్ 5.8 కిలో ఓమ్‌లు చూపించింది. టంకం వేసి, ఆంప్ సౌండ్ తగ్గించి మీటాను. గంట కొట్టినట్టు తేటగా మోగింది.

అమ్మ కాసేపు విని, గిటారు వైపు వేలు చూపించింది.

"ఆ రెండోది సుత పలుకదంటివి గద? దానికెన్ని చుట్లు?"

సోమవారం బస్సు మాట మళ్ళీ ఎత్తలేదు.