చిత్రం అడుగున ఒక పేరు



ఉద్యోగవిరమణానంతరం మా అమ్మాయి దగ్గరకు పారిస్ వెళ్ళినప్పుడు, సేన్ నదీతీరంలోని పాతపుస్తకాల పెట్టెల ముందు చాలా సాయంకాలాలు గడిపాను. నాకు ఫ్రెంచి రాదు. అందుచేత అక్షరాలకన్న బొమ్మలే నన్ను ఎక్కువగా నిలిపివేశాయి. అవి పూర్వకాలపు వేషధారణ చిత్రాలు. లోహఫలకంపై చెక్కి, కాగితంపై అచ్చొత్తి, ఆపైన చేతితో రంగులద్దినవి.

ఒక చిత్రం అడుగున ఎడమప్రక్క ఒక పేరు, కుడిప్రక్క మరొక పేరు సన్నని అక్షరాలలో ఉన్నాయి. ఎడమవైపు పేరు చిత్రించినవారిదనీ, కుడివైపుది చెక్కినవారిదనీ మా అమ్మాయి చెప్పింది. నాకు వెంటనే మన కావ్యాల ఆశ్వాసాంత గద్యం జ్ఞప్తికి వచ్చింది. తన పేరు చెప్పుకొని గాని కవి ఆశ్వాసం ముగించడు కదా! అయితే ఆ కాగితంపై రంగులద్దిన చేతికి మాత్రం పేరు లేదు.

ఆనాటి నుండి ఈ చిత్రకారులను గురించి దొరికినదల్లా చదివాను. లొరేన్ ప్రాంతానికి చెందిన జాక్ కాలో (1592–1635) ప్రభువుల ఆహార్యాన్ని 12 ఫలకాలలో చెక్కాడు. బిచ్చగాళ్ళ చింకిపాతలను చెక్కినదీ ఆ చేయే. వాటికి 25 ఫలకాలు కేటాయించాడు. 1778–1787 నడుమ పారిస్‌లో వెలువడిన ‘గాలరీ దె మోద్’ చిత్రమాలకు దెరే, లెక్లేర్ వంటివారు బొమ్మలు గీయగా, వేరొకరు వాటిని చెక్కారు.

నన్ను అన్నిటికన్న కదిలించినది ముగ్గురు అక్కచెల్లెళ్ళ కథ. ఎలోయీజ్, అనాయీస్, లోర్. చిత్రకారుడైన అలెగ్జాండర్ కొలాన్ కుమార్తెలు. పందొమ్మిదో శతాబ్దపు స్త్రీల పత్రికలకు దుస్తుల చిత్రాలు గీయడం ముగ్గురికీ వృత్తి. అనాయీస్ తూదూజ్ భర్త 1854లో మరణించాడు. ముగ్గురు పిల్లల తల్లి ఆమె. కుంచె విడువలేదు. కుమార్తె ఇజబెల్ కూడ ఆ వృత్తినే చేపట్టింది. ఎలోయీజ్ కుమారుడు మోరిస్ లెలువార్ 1907లో వేషధారణ చరిత్ర కోసం ఒక సంఘాన్ని స్థాపించాడు. ఆ సంఘం కూడబెట్టిన వస్త్రాలు 1920లో పారిస్ నగరానికి సమర్పితమై, నేటి పాలే గలీరా వస్త్రప్రదర్శనశాలకు పునాది అయినాయి.

ఇక్కడ నా అపరాధం ఒకటి చెప్పుకోవాలి. మా అక్కయ్య చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకొని, కుట్టుమిషనుతో ఇద్దరు బిడ్డలను పెంచింది. రవికెల మెడలు, పరికిణీ అంచులు, గౌనుల కుచ్చులు పెన్సిలుతో గీసి రెండు నోటుపుస్తకాలు నింపింది. ఊరి ఆడపిల్లలు వాటిని చూచి, వేలు పెట్టి, తమకు కావలసినది కుట్టించుకొనేవారు. అక్కయ్య గతించిన పిమ్మట ఇల్లు సర్దుతూ, ఆ రెండింటినీ పాతకాగితాలతో కలిపి తూకానికి వేసినది నేనే. ముప్పది సంవత్సరాలు పిల్లలచేత కవుల పేర్లు వల్లె వేయించిన పండితునికి, ఆ పుస్తకంపై పేరు లేదన్న సంగతైనా తోచలేదు.

తిరిగి వచ్చాక మేనకోడలిని అడిగాను. తన పెళ్ళి రవికె కోసం అమ్మ గీసిన కాగితం ఒక్కటి ట్రంకుపెట్టెలో ఉన్నదట. తెచ్చి చూపింది. మడతలవద్ద చిరిగింది, గీతలు మాత్రం చెరగలేదు.

“నీవే వ్రాయి తల్లీ, ఎడమప్రక్కన,” అన్నాను.

“ఏమి వ్రాయమంటావు మామయ్యా?”

“మీ అమ్మ పేరు.”