పగలు మిద్దె... రాత్రి ముంగిలి

ఊరికో కళాకేంద్రం అనగానే కళ్లముందు మెదిలేది ఒకటే... సిమెంటు శ్లాబు, రంగుల గోడలు, ఎత్తయిన వేదిక, ఇనుప గేటు. దానికో తాళం! కదిరి నుంచి మదనపల్లె వెళ్లే దారిలోని తనకల్లు లాంటి చోట అలాంటి హాలు కడితే ఏమవుతుంది? ఎండకు రోజంతా కాగిన శ్లాబు రాత్రికి ఆ వేడిని లోపలికి దించుతుంది. పొలం పనులు ముగించుకుని జనం భజనకో కోలాటానికో చేరే వేళకు హాలు పొయ్యిలా ఉంటుంది.

ఆ సీమలో పాత ఇళ్లు కట్టినవాళ్లకు ఎండ సంగతి బాగా తెలుసు. బురదమట్టితో కట్టిన మూరెడు మందం రాతిగోడలు. పైన దూలాలు, దంతెలు. వాటిమీద బండలో కట్టెలో పరిచి, మట్టి మెత్తి, ఆపైన వాన దిగకుండా చౌడు. వెలుతురుకు గవాక్షి. పగలు ఆ మిద్దె చల్లగా ఉంటుంది. రాత్రికి మాత్రం గోడల్లోని వేడి మెల్లగా లోపలికి వస్తుంది. అందుకే వేసవిలో మంచాలు వాకిట్లోకి వచ్చేవి. పగలు మిద్దె, రాత్రి ముంగిలి... ఇదీ లెక్క.

ఆ నేల మీది కళలకూ సరిగ్గా ఇదే కావాలి. తోలుబొమ్మలాటకు చీకటి, తెల్లటి తెర, దాని వెనక దీపం, ఎదురుగా కూర్చోవడానికి నేల ఉంటే చాలు. ఉరుములకైనా, చెక్కభజనకైనా కావాల్సింది చుట్టూ తిరిగే చోటు. అంటే ఆట రాత్రిపూట ఆరుబయట. తోలు మీద గీతలు గీయడం, రంగులద్దడం, పిల్లలు తాళం నేర్చుకోవడం మాత్రం పగటి పని. దానికి మిద్దె నీడ ఉండాలి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊరి కళాకారులు ఆటలు తగ్గి, తోలుతో దీపాల షేడ్లు చేసి అమ్ముకుంటున్నారు. బొమ్మలు చేసే చేయి ఇంకా ఉంది. ఆడే చోటే కరవైంది.

కాబట్టి తనకల్లులో కళాకేంద్రం గీయాలంటే ముందు గీయాల్సింది ముంగిలిని. ఒక వేపచెట్టు, దాని చుట్టూ రచ్చకట్ట, తెర కట్టడానికి రెండు రాతి కూసాలు. పక్కన రెండు మూడు మిద్దె గదులు, ముందు పొడవాటి అరుగు. మట్టి తవ్విన గుంత వాననీటి కుంట అవుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. కాంక్రీటుకు రోజుల తరబడి నీళ్లు పట్టాలి. మట్టిగోడకు ఆ బాధ లేదు.

అయితే మట్టి వాడినంత మాత్రాన అది ఊరిదైపోదు. ఈజిప్టులో హసన్ ఫతీ అనే ఆర్కిటెక్టు 1940ల్లో న్యూ గూర్నా అనే ఊరిని పచ్చి ఇటుకలతో, పాత పద్ధతి కమాన్లతో కట్టారు. అందులో నాటకశాల కూడా ఉంది. ప్రపంచమంతా మెచ్చుకుంది. కానీ ఎవరి కోసం కట్టారో వాళ్లలో చాలామంది అక్కడికి రానేలేదు. పాత ఊరు వదలడం వాళ్లకు ఇష్టం లేదు!

మిద్దెకూ ఓ చిక్కుంది. తొలకరికి ముందు మళ్లీ చౌడు పోయాలి. లేకపోతే కారుతుంది. పనుల కోసం సగం మంది బెంగళూరు బాట పట్టిన ఊళ్లలో ఆ పని ఎవరు చేస్తారు? మంచి దూలాలు దొరకడమూ కష్టమే. దూలాల చోట రాతి బండలు వాడుకోవచ్చు. చౌడు పోసే చేతులకు మాత్రం మారు లేదు. మట్టిపని తెలిసిన పెద్దవాళ్లు ఉన్నప్పుడే పిల్లలు వాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాలి. తాళం, అడుగు నేర్పినట్టే గోడ పెట్టడమూ అక్కడ నేర్పాలి. ఏటా ఒకరోజు ఊరంతా కలిసి చౌడు పోసి, ఆ రాత్రే ముంగిట్లో ఆట కట్టించుకుంటే... ఆ కేంద్రానికి గేటూ తాళమూ అక్కర్లేదు.