శ్రీనివాస పిళ్ళె అడిగాడని

మనసు బాగోనప్పుడు ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ తీసి ఎక్కడో ఓచోట చదవడం నాకలవాటు.

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఆయన. 1830 మేలో బయల్దేరి, కాశీ, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. అప్పటికింకా మన దేశంలో రైలే లేదు. బోయీలు మోసే పల్లకీ, వెంట వందమంది దాకా జనం. ఇంతమందిని వెంటేసుకుని అడవులూ ఏళ్ళూ దాటుతూ ఆయన రాసిందేమిటయ్యా అంటే ఏ ఊళ్ళో సరుకులు దొరుకుతాయి, దారెలా ఉంది, దిగడానికి చోటుందా! సాహసం చేస్తున్నానన్న బడాయి ఎక్కడా ఉండదు. నాకు ధైర్యమిచ్చేది సరిగ్గా అదే.

ఇదంతా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె కోరాడని, దారి పొడుగునా రాసి పంపిన సంగతులు. వీరాస్వామయ్య 1836లో పోయారు. 1838లో పిళ్ళెగారే పుస్తకం అచ్చు వేయించారు. అడిగిన స్నేహితుడూ గొప్పవాడే (నన్నడిగితే ఓ పిసరు ఎక్కువే).

మొన్న నా స్నేహితురాలు ఉద్యోగానికి ఒంటరిగా నాగపూర్ వెళ్తూ బెంగపడుతుంటే, వీరాస్వామయ్య నాగపూరు పేజీలు ఫోటో తీసి పంపా. ఇప్పుడు రోజూ “తర్వాతి మజిలీ ఏదే?” అని మెసేజ్ పెడుతోంది.

పాత పుస్తకాల షాపులో కనిపిస్తే వదలకండి. భాష మొదట్లో కాస్త మొరాయిస్తుంది. హైదరాబాదు భాగంతో మొదలుపెట్టి చూడండి.