వీణ మీది మైనం

చిక్కపేట అంటే అందరికీ పట్టుచీరలు, జరీ, టోకు బట్టల అంగళ్ళు గుర్తొస్తాయి. మాకు మాత్రం దానికి ఆనుకుని ఉన్న బళేపేట కూడా చిక్కపేట కిందే లెక్క. అక్కడ సంగీత వాద్యాల అంగళ్ళు వరసగా ఉంటాయి. తబలా, మృదంగం, హార్మోనియం, వీణ అన్నీ దొరుకుతాయి. వీణను చూసినవాళ్ళు చాలామంది ఉంటారు. దానిమీద మెట్ల కింద ఉండే నల్లటి మైనాన్ని గమనించినవాళ్ళు తక్కువ. ఈ సంవత్సరం మా ఇంట్లో ఆ మైనం గురించే పెద్ద చర్చ జరిగింది.

సరస్వతీ వీణకు వాయించే తంతులు నాలుగు, తాళం తంతులు మూడు. వాయించే తంతుల కింద 24 లోహపు మెట్లు ఉంటాయి. తంజావూరును ఏలిన రఘునాథ నాయకుడి కాలంలో, అంటే 17వ శతాబ్దంలో, ఈ 24 మెట్ల పద్ధతి స్థిరపడిందని చెబుతారు. ఆయన తెలుగులో కావ్యాలు రాసిన రాజు కూడా. ఈ మెట్లను మేకులు కొట్టి బిగించరు. దండి మీద రెండు వైపులా మైనంతో గట్లలాగా కట్టి, వాటిమీద ఒక్కొక్క మెట్టునూ స్వరం విని నిలబెడతారు. ఈ పనిని మేళం కట్టడం అంటారు.

మా అవ్వ వీణ బొబ్బిలిది. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణలు చేస్తారు. అందుకే వాటిని ఏకాండి వీణలంటారు. అవ్వ పెళ్ళినాటి నుంచీ అది మా ఇంట్లోనే ఉంది. ఇప్పుడు మా అక్క వాయిస్తోంది.

పోయిన మే నెలలో తిరుపతిలో పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అక్క సాధన కోసం వీణ కూడా తీసుకెళ్ళాం. దారిలో కారు నిప్పుల కుంపటిలా అయింది. ఇంటికి చేరి అక్క వాయిస్తే ‘సా’ బాగానే పలికింది, పైకి పోయేకొద్దీ స్వరాలు తేడాగా వినిపించాయి. వంగి చూస్తే నాలుగైదు మెట్లు ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. మైనం వేలితో నొక్కితే గుంట పడుతోంది.

బెంగళూరుకు తిరిగి వచ్చాక మేళం కట్టే తాతగారిని పిలిపించాం. ఆయన వీణను ముట్టుకోకముందే అడిగిన మొదటి మాట, “ఇది ఏ ఊళ్ళో ఉంటుందమ్మా?” అని. నాకు ఆశ్చర్యం వేసింది. మైనానికీ ఊరికీ ఏం సంబంధం?

ఆయన ఓపిగ్గా చెప్పారు. తేనెమైనం ఒక్కటే వేస్తే పనికిరాదు. అందులో బొగ్గుపొడి, గుగ్గిలం కలిపి కాచాలి. బొగ్గుపొడి మైనానికి ఒళ్ళు గట్టితనం ఇస్తుంది. గుగ్గిలం పట్టు ఇస్తుంది, కానీ ఎక్కువైతే చలికి పెళుసుబారి పగులుతుంది. తక్కువైతే ఎండకు మెత్తబడుతుంది. తేనెమైనం కరిగేది 62 నుంచి 65 డిగ్రీల దగ్గరే అయినా, 35 డిగ్రీలు దాటితేనే అది మెత్తబడడం మొదలవుతుంది. బెంగళూరులో అంత ఎండ కొద్ది రోజులే. 2016 ఏప్రిల్‌లో ఇక్కడ 39.2 డిగ్రీలు వస్తే అదే గొప్ప వార్త అయింది. తిరుపతిలో వేసవిలో 40 దాటడం మామూలే.

మెట్టు కొంచెం జరిగితే ఏమవుతుందో మా లెక్కల నోటుబుక్కులో వేసి చూశాను. మేరువు నుంచి గుర్రం దాకా తంతి పొడవులో సరిగ్గా సగం దగ్గర 12వ మెట్టు వస్తుంది. 24వ మెట్టు దగ్గర మోగే తంతి పావు భాగమే. అంటే రెండు మెట్లూ ఒక్కొక్క మిల్లీమీటరు జరిగినా, 24వ మెట్టు దగ్గర స్వరంలో తేడా రెట్టింపు ఉంటుంది. అందుకే అక్క వీణలో పై స్వరాలే ముందు చెడ్డాయి. పైగా గమకం పలికించాలంటే తంతిని మెట్టు మీద పక్కకు లాగాలి. మైనం మెత్తగా ఉంటే తంతితోపాటు మెట్టు కూడా కదులుతుంది.

ఈ సంగతి ఫోనులో చెబితే, అమెరికాలో డెన్వర్ దగ్గర ఉండే మా మామ కొడుకు నవ్వాడు. “మేమూ చలికాలం అంతా ఇదే గొడవ పడతాం రా” అన్నాడు. ఆ అన్న కొండమీద మంచులో స్నోబోర్డు ఆడతాడు. బోర్డు అడుగున ఇస్త్రీపెట్టెలాంటి దానితో మైనం కరిగించి పట్టించి, ఆరాక గీకి, బ్రష్షుతో రుద్దుతారట. బాగా చలిగా ఉన్నప్పుడు మంచు రేణువులు గట్టిగా, మొనదేలి ఉంటాయి. మెత్తటి మైనం వేస్తే అవి అందులో గుచ్చుకుని బోర్డును ఆపేస్తాయి. కాబట్టి గట్టి మైనం వెయ్యాలి. ఎండ కాసి మంచు తడిబారితే, ఆ నీటి పొర బోర్డును కిందికి పీల్చి పట్టుకుంటుంది. అప్పుడు నీటిని తోసేసే మెత్తటి మైనం కావాలి. గాలి ఎంత చలిగా ఉందో కాదు, మంచు ఎంత చలిగా ఉందో కొలిచి చూడాలని కూడా చెప్పాడు. ఫ్లోరిన్ కలిసిన మైనాలు చాలా వేగం ఇస్తాయట. కానీ అవి నేలలో, నీళ్ళలో కలిసి ఎంతకాలమైనా పోవు. అందుకని అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 సీజను నుంచి తన పోటీల్లో వాటిని నిషేధించింది.

నాకు ఇది తమాషాగా అనిపించింది. వాళ్ళకు మైనం జారడానికి, మాకు జారకుండా ఉండడానికి. వాళ్ళకు చలి ఎక్కువైతే గట్టి మైనం, మాకు ఎండ ఎక్కువైతే గట్టి మైనం. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఇద్దరికీ ఒకటే: ఎక్కడ, ఏ వాతావరణంలో వాడతావు?

మా ఇంట్లో కష్టమైంది ఆ ప్రశ్నే. అక్క ఈ ఏడు తిరుపతిలో సంగీత కళాశాలలో చేరుతోంది. వీణ తనతో వెళ్తే తిరుపతికి తగ్గ మైనం వెయ్యాలి. ఇక్కడే ఉంటే పాత పాళ్ళే చాలు. మైనం లేకుండా స్క్రూలతో మెట్లు బిగించిన కొత్త వీణ కొనిద్దామని నాన్న అన్నాడు. అది ప్రయాణానికి సులువే. ఎండకు భయం లేదు. కానీ మంచి వీణ కొనడం మాకు చిన్న ఖర్చు కాదు. అవ్వ వీణ ఇంట్లో ఉంటే ఆమెకు సాయంత్రాలు తోడు. వేళ్ళు నొప్పి పుట్టినా రోజూ కాసేపు తంతులు మీటుతుంది.

రెండు రోజులు ఎవరూ తేల్చలేదు. మూడో రోజు తాతగారు వచ్చినప్పుడు అవ్వే చెప్పింది. “తిరుపతికి ఎంత గుగ్గిలం కావాలో అంత వెయ్యండి ఆచారిగారూ.” అమ్మ ఏదో అనబోతే, “వాయించేవాళ్ళ దగ్గర ఉండాలి గదమ్మా వీణ” అంది.

తాతగారు రెండు రోజులు మా వసారాలో కూర్చుని పాత మైనం అంతా తీసేసి కొత్తది కట్టారు. ప్రతి మెట్టుకూ తంతి మీటి, చెవి దగ్గర పెట్టి విని, గోరంత జరిపారు. అక్క పక్కనే కూర్చుని పాళ్ళు రాసుకుంది. ఈ పని నేర్చుకునే పిల్లలు ఇప్పుడు తన దగ్గరికి రావడం లేదని ఆయన అన్నారు. డిసెంబరులో వీణ ఇక్కడికి తెస్తే ఎండలో పెట్టవద్దు, చలిగాలి తగిలే కిటికీ దగ్గరా పెట్టవద్దు, గుడ్డ కప్పి ఉంచండి అని జాగ్రత్త చెప్పారు.

వీణ జూన్‌లో వెళ్ళిపోయింది. దసరా సెలవులకు అక్క తెస్తానంది. మీ ఇళ్ళలో వీణ ఉంటే ఒకసారి వేలితో మైనం మెల్లగా నొక్కి చూడండి. గుంట పడితే, మేళం కట్టేవాళ్ళు ఇంకా ఉన్నప్పుడే పిలిపించండి. వీలైతే పక్కన కూర్చుని నేర్చుకోండి.