కాచినా పోని విషం

కంగ్టి చుట్టుపక్కల పల్లెల నుంచి వాంతులతో మనిషి వస్తే నా మొదటి అనుమానం పత్తిచేను మందు మీదే. కనుపాప సూదిమొనంత అయి, నోట చొల్లు కారుతుంటే ఇక అడగక్కర్లేదు.

ఒక ఎండాకాలం వచ్చిన గొర్ల కాపరికి అవేవీ లేవు. కుడి పక్కటెముకల కింద చెయ్యి వేస్తే మాత్రం ఉలిక్కిపడ్డాడు. రక్తపరీక్షలో కాలేయం ఎంజైములు బాగా పెరిగి ఉన్నాయి. ఏం తాగావని అడుగుతుంటే భార్య అందుకుంది: "రెండు గొర్లు గూడ సచ్చినయ్ సార్, కుంట కాడనే. నీళ్లు పచ్చగ రంగు కలిపినట్టున్నయ్. బట్టతోని వడగట్టి తాగిండు."

నాచునంతా మనం ఒకే గాటన కడతాం. చేతికి పోగులుగా వచ్చేది సాధారణంగా హాని చెయ్యదు. గాలివాటుకు ఒడ్డున పేరుకునే ఈ పచ్చదనం మొక్క కాదు, బ్యాక్టీరియా. హుస్సేన్ సాగర్‌లో తేలే మైక్రోసిస్టిస్ ఆ కోవదే. అందులో కొన్ని రకాలు చేసే మైక్రోసిస్టిన్, పైత్యరస లవణాలు కాలేయ కణంలోకి పోయే దారినే దూరి, ఫాస్ఫటేజ్ ఎంజైములను పట్టేస్తుంది. కణాన్ని నిలబెట్టే పోగులు కూలి, కణాలు విడిపోయి, కాలేయంలోనే రక్తం నిండుతుంది. పశువులు గంటల్లో పడిపోయేది అందుకే. ఇలాంటి బ్యాక్టీరియాలోనే వేరే జాతులు కొన్ని చేసే గ్వానిటాక్సిన్ అయితే అచ్చం పురుగుమందులా కోలినెస్టరేజ్‌ను అడ్డుకుంటుంది. పత్తి పండేచోట దాన్ని వేరుగా గుర్తుపట్టేదెవరు!

విరుగుడు లేదు. సెలైన్ పెట్టి, కనిపెట్టుకుని ఉన్నాం, కోలుకున్నాడు. నాచు విషమేనని తేల్చే పరీక్ష నా దగ్గర లేదు. చచ్చిన గొర్లను బట్టి అనుకున్నదే.

ఇంటికి పంపేటప్పుడు నర్సు అలవాటుగా "నీళ్లు కాగబెట్టి తాగండి" అంది. ఆపాను. మరిగిస్తే కలరా, టైఫాయిడ్ క్రిములు చస్తాయి గానీ మైక్రోసిస్టిన్ చెక్కుచెదరదు. పైగా కణాలు పగిలి లోపలి విషం నీళ్లలోకి దిగుతుంది. మైలుతుత్తం చల్లినా ఇదే తంటా. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్ జలాశయంలో నాచును చంపడానికి అదే వేశారు. ఆ వెంటనే 148 మంది, ఎక్కువమంది పిల్లలే, జబ్బుపడ్డారు. 1996లో బ్రెజిల్‌లోని కరువారులో ఇలాంటి నీళ్లు సరిగ్గా శుద్ధి కాకుండా డయాలసిస్ యంత్రాలకు చేరాయి. నేరుగా రక్తంలోకి పోయిన విషానికి 50 మందికి పైగా చనిపోయారు.

గాలి ఏ ఒడ్డుకు కొడుతుందో చూసి, ఆ పక్క గొర్లను దింపొద్దన్నాను. "గాలి దినాం మారుతది గద సార్" అన్నాడు కాపరి. నిజమే. నీళ్లు తేటపడేదాకా దూరమైనా బోరు తొట్టికే తోలమన్నాను.