ఫ్యాన్లు తిరుగుతాయి, బొమ్మ రాదు

"అన్నా, సీపీయూలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బొమ్మ రావట్లేదు. మదర్‌బోర్డు పోయిందా?" వానాకాలం వస్తే ఈ ఫోన్లే ఎక్కువ.

నేనైతే ముందు ర్యామ్‌నే అనుమానిస్తా. ప్లగ్ పీకి, ర్యామ్ తీసి, బంగారు రంగు అంచుని పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొట్టు దులిపి, టిక్కుమనేదాకా నొక్కి పెట్టాలి. రెండుంటే ఒక్కోటీ విడిగా పెట్టి చూడాలి. ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆన్ చేశాక మొరాయిస్తే, సీమాస్ క్లియర్ చేసి, అంటే బయోస్ సెట్టింగులన్నీ మొదటికి తెచ్చి చూస్తే, చాలాసార్లు దారికొస్తుంది.

కొత్త డీడీఆర్5 సిస్టమ్‌ల తీరే వేరు. మొదటిసారి ఆన్ చేస్తే, ర్యామ్‌తో కుదురుకోవడానికి మెమరీ ట్రైనింగ్ అంటూ కొన్ని నిమిషాలు నల్ల తెరే. కంగారుపడి పవర్ బటన్ నొక్కారా, కథ మళ్లీ మొదటికే! హాయిగా టీ పెట్టుకోండి.