చింతామణి పెరట్లో తోటకూర

బెంగుళూరులో ఉండే మనలో చాలామందికి చిక్కబళ్ళాపురం అంటే నంది కొండకు దగ్గరలోని ఊరు. నాకు మాత్రం అది మా పిన్ని ఇంటి దారిలో మొదటి మజిలీ. క్రిందటి మాఘమాసంలో బాగేపల్లిలో ఒక పెళ్ళికని బయలుదేరి, చిక్కబళ్ళాపురంలో కందవార చెరువు దగ్గర కాసేపు ఆగాను. చెరువు నిండుగా ఉంది. హెబ్బాళ–నాగవార లోయలో శుద్ధి చేసిన బెంగుళూరు మురుగునీటిని ఇటువైపు చెరువులకు పంపే పథకం చలవ అది. మనం స్నానం చేసి వదిలిన నీళ్ళు మనకంటే ముందే వచ్చి కూర్చున్నాయన్నమాట!

బాగేపల్లిలో బోర్డులన్నీ కన్నడం, పెళ్ళిపందిట్లో మాటలన్నీ తెలుగు. ఆ మాటల్లో సగం బోర్ల గురించే. లోతుకు పోయినకొద్దీ రాతిలోని ఫ్లోరైడు, కొన్నిచోట్ల యురేనియం కూడా నీళ్ళలోకి దిగుతాయి. బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్ వారు 2021లో వెల్లడించిన పరిశీలనలో ఈ ప్రాంతపు పల్లెల నీళ్ళలోనూ యురేనియం హద్దు మించి కనిపించింది. ఇలాంటి చోట నిండిన చెరువును వద్దనమని ఎవరు చెప్పగలరు?

మర్నాడు చేలూరు మీదుగా చింతామణి దగ్గర పిన్ని వాళ్ళ ఊరు చేరాను. ఈ తాలూకాకు నీళ్ళు కోరమంగళ–చల్లఘట్ట లోయ నుంచి వస్తాయి. 2018లో మొదలైన ఆ పథకం కోలారు జిల్లాతో కలిపి 126 చెరువులకు. పిన్ని బావిలో నీళ్ళు ఊరాయి. చెరువు అంచున తీసిన పూడికమట్టి రెండు ట్రాక్టర్లు పెరట్లో తోలించింది. తోటకూర మోకాలెత్తు లేచింది.

"మన్ను చెడిపోతుందంటారు గద నాయనా. చెడిపోయింటే పైరు ఇంత పచ్చగా ఎట్లుంటుంది?" అంది.

కాలేజీలో ముప్ఫై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి, జవాబు చెప్పక తప్పలేదు. చెడిపోయినా పచ్చగానే ఉండవచ్చు. కాడ్మియం లాంటి లోహం జింకు, ఇనుము వెళ్ళే దారిలోనే దొంగలా వేళ్ళలో దూరుతుంది. మొక్క పారిపోలేదు గదా! కొంత లోహాన్ని వేరు కణాల గోడల దగ్గరే పట్టి ఉంచుతుంది. లోపలికి వచ్చినదాన్ని గంధకం ఉన్న చిన్న చిన్న పోగులతో చుట్టి కట్టేస్తుంది. ఫైటోకెలాటిన్లు అనే ఈ పోగులను 1985లో జర్మనీ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఆ మూటను కణంలోని రిక్తికలో, మన ఇంటి అటకమీద పాత సామాను పడేసినట్టు, పడేస్తుంది. సీసం చాలావరకు వేళ్ళలోనే ఆగిపోతుంది. కాడ్మియం అలా కాదు, ఆకులదాకా ఎక్కుతుంది. అందుకే గింజకంటే, కాయకంటే ఆకుకూర దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి.

మొక్క తన ప్రాణం కాపాడుకుంటుంది గాని, తినేవాళ్ళ సంగతి దానికి పట్టదు. జపానులో జింజూ నది ఒడ్డున గని కాడ్మియం కలిసిన పొలాల్లో వరి పండింది. ఆ అన్నం తిని, ఆ నీళ్ళు తాగిన ఆడవాళ్ళకు ఎముకలు పెళుసై విరిగిపోయాయి. "ఇతాయ్ ఇతాయ్", అంటే నొప్పి నొప్పి, అనే పేరే జబ్బుకు నిలిచిపోయింది. కాలుష్యమే కారణమని ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో.

పిన్ని చెరువులో అంత విషముందని నేననలేదు. మురుగును శుద్ధి చేసేటప్పుడు లోహాల్లో చాలాభాగం అడుగు బురదతోనే పోతుంది. కాని 2018లో కోలారు లక్ష్మీసాగర చెరువులో నురుగు రేగడం, హైకోర్టు కొంతకాలం నీళ్ళు ఆపించడం ఇక్కడివాళ్ళు మరిచిపోలేదు. మూడోదశ శుద్ధి కూడా కావాలని వాళ్ళు అడగడం న్యాయమే. మిగిలిన కాస్త లోహమూ ఏళ్ళ తరబడి పేరుకునేది పూడికలోనే. మన రైతు బంగారంలా పొలానికి తోలుకునేదీ ఆ పూడికనే! మామూలు మట్టి పరీక్షలో కాడ్మియం, సీసం లాంటి లోహాలు చూడరు, ప్రత్యేకంగా అడగాలి. పులుపెక్కిన నేలకు సున్నం, ఏ నేలకైనా పశువుల ఎరువు వేస్తే లోహం కొంతవరకు మట్టికే అంటుకుని ఉంటుంది.

అన్నీ విని పిన్ని లోపలికి వెళ్ళింది. ఆ పూట రాగిముద్దలోకి బస్సారు చేసింది, ఆకు లేకుండా అలసందలతోనే. బయలుదేరేటప్పుడు ఒక సంచిలో పూడికమట్టి, ఇంకో సంచిలో తోటకూర కట్ట చేతికిచ్చింది. మట్టి సరే, ఆకెందుకని అడిగాను.

"అదీ పరీక్షకే నాయనా. దారిలో వండుకునేవు!"